వైకింగ్ బ్రోచ్ సెట్: గొంగడికి పెట్టండి, పట్టుచీరకు వద్దు

వైకింగులు, అంటే వెయ్యేళ్ల కిందటి స్వీడన్, డెన్మార్క్, నార్వే వైపు జనం, వాళ్ల కాలం నాటి నమూనాలని చెప్పి అమ్ముతున్న బ్రోచ్‌ల (బట్టను బిగించే అలంకార పిన్నుల) సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి మధ్యలో సందు వదిలిన రింగు బ్రోచ్, రెండోది కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తుగా ఉండే జత. రింగుకి పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది. జత మీద మాత్రం నాకు కోపంగానే ఉంది.

ముందు రింగు సంగతి. రింగు మీద అటూ ఇటూ జరిగే పొడవాటి సూది ఒకటి ఉంటుంది. బట్టను కొంచెం పట్టుకుని సూదిని గుచ్చి, దాని మొనను రింగులోని సందు నుంచి ఇవతలికి తెచ్చి, రింగును కాస్త తిప్పితే చాలు. స్ప్రింగు లేదు, కొక్కెం లేదు. బట్ట బరువే సూదిని రింగుకేసి లాగి పట్టి ఉంచుతుంది, కాబట్టి బట్ట ఎంత బరువుంటే అంత గట్టిగా నిలుస్తుంది. ఈ పద్ధతి అసలు ఐర్లాండ్, స్కాట్లాండ్ వాళ్లది, వైకింగులు అక్కడికి వెళ్లాక తమదిగా చేసుకున్నారు. ఇంగ్లండ్‌లో పెన్రిత్ దగ్గర దొరికిన పదో శతాబ్దపు వెండి బ్రోచ్‌కి సూదే అర మీటరు దాకా ఉంటుంది. అంత సూది బట్ట నిలపడానికి అక్కర్లేదు, వెండి ఎంత ఉందో నలుగురికీ కనపడాలని చేయించుకున్నదే అయ్యుంటుందని నా నమ్మకం.

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. ఇంట్లో తాత నాటి గొంగడి ఉంది, నల్ల గొర్రెల ఉన్నితో కురుమోళ్లు నేసి చింతగింజల గంజి పెట్టినది. చలికాలంలో తెల్లారగట్ల మోటర్ వేయడానికి పోయేటప్పుడు నాయిన అదే కప్పుకుంటాడు, కానీ గాలికి జారకుండా ఒక చేత్తో పట్టుకునే ఉండాలి, ఇంకో చేత్తో టార్చి, ఇక స్టార్టర్ దగ్గర పని ఎట్లా చేస్తాడు? ఈ రింగును కుడి భుజం మీద పెట్టాను, వైకింగు మగవాళ్లు కూడా ఉన్ని దుప్పటి లాంటి పైబట్టను అక్కడే బిగించి కుడి చెయ్యి ఖాళీగా ఉంచుకునేవాళ్లు. నాయిన రెండడుగులు వేసి, చెయ్యి పైకెత్తి చూసుకుని "ఇగ జారది బిడ్డా" అన్నాడు. గొంగడి నేత వదులుగా, ముతకగా ఉంటుంది కదా, లావు సూది పోగుల మధ్య నుంచే దారి చేసుకుంది. తీసేశాక ఉన్నిని వేళ్లతో సవరిస్తే గుచ్చిన చోటు కూడా తెలియట్లేదు.

పట్టు మీద అట్లా కాదు. పోచంపల్లి పట్టు ముక్క మీద పెట్టి చూశాను, రంధ్రం స్పష్టంగా మిగిలింది, పక్క పోగులు లాగేసింది. నారాయణపేట కాటన్ మీద కొంచెం నయం, అయినా కొంగుకు మామూలు పిన్నీసే మేలు. చీర కొంగుకు బాగుంటుందని అమ్మకం పేజీలో ఫొటో పెట్టారు, దాన్ని నమ్మి మంచి చీర పాడుచేసుకోకండి.

ఇప్పుడు జత గురించి. ఇవి వైకింగు ఆడవాళ్లవి. భుజాల మీది నుంచి పట్టీలతో వేలాడే గౌనుకు ముందువైపు, రెండు పక్కలా ఒక్కొక్కటి పెట్టుకునేవాళ్లు. రెండింటి మధ్య పూసల దండలు కట్టి, తాళంచెవులు, సూదుల డబ్బీ లాంటివి కూడా తగిలించేవాళ్లు. ముఖ్యమైన విషయం ఏంటంటే, దీని సూది బట్టను గుచ్చదు, పట్టీల చివర కుట్టిన లూపుల్లోంచి దూరుతుంది. స్వీడన్‌లోని బిర్కాలో 19వ శతాబ్దంలో యాల్మార్ స్టోల్పె అనే పురావస్తు పరిశోధకుడు దాదాపు 1,100 సమాధులు తవ్వించాడు, వాటిలో దొరికిన ఇలాంటి బ్రోచ్‌ల లోపల తుప్పుకు అతుక్కుపోయి ఆ లూపుల గుడ్డ ముక్కలు మిగిలాయి. వెయ్యేళ్ల కిందటి గుడ్డ ఒక లోహపు డొప్పలో దాక్కుని మనదాకా వచ్చిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మేవాళ్లు ఈ లూపుల గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. మా టైలర్‌తో జాకెట్టుకు నాలుగు లూపులు కుట్టించాక అవి చక్కగా కూర్చున్నాయి, అంటే పద్ధతిలో లోపమేమీ లేదు. లోపమంతా సరుకులోనే ఉంది. సూది పల్చటి తీగ, రెండో వాడకానికే వంగింది. వెనక కొక్కెం లోతు లేదు. ఇత్తడి అని రాశారు కానీ అంచు కాస్త గీరితే లోపల బూడిద రంగు లోహం, పైన పూత మాత్రమే. రింగును చింతపండుతో తోమితే ఇత్తడి రంగు నిగనిగలాడింది, జతను తోమితే పూత లేచిపోయింది. సైజు కూడా చిన్నది, పదో శతాబ్దపు అసలువి చాలావరకు పది సెంటీమీటర్ల పైన ఉంటాయి. మట్టి మూసల్లో పోతపోసి వందల్లో తయారుచేసిన సరుకే అప్పట్లోనూ, డెన్మార్క్‌లోని రీబెలో ఆ మూసల ముక్కలు కుప్పలుగా దొరికాయి. ఎక్కువ సంఖ్యలో చేసినా అన్నేళ్లు నిలిచేలా చేశారు వాళ్లు.

రింగు ఒక్కటే విడిగా దొరుకుతుంది, అదే తీసుకోండి. సూది మొన గరుకుగా వస్తే సన్న ఉప్పుకాగితంతో రుద్దండి, లేకపోతే ఉన్ని చిక్కుకుంటుంది. గొంగడి తడిసిన రోజు బ్రోచ్ తీసి తుడిచి పెట్టండి, ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పట్టి మరక అంటుకుంటుంది.