పొగాకు గోడౌన్‌లో ఫ్లాట్లు ఎలా ఉంటాయో కళ్లకు కట్టారు

గుంటూరులో మా ఉమ్మడి ఆస్తి అయిన పాత పొగాకు గోడౌన్‌ని ఫ్లాట్లుగా మారిస్తే ఎలా ఉంటుందో చూద్దామని ఇక్కడే ఒక త్రీడీ స్టూడియోకి పని ఇచ్చాం, చాలా బాగా చేశారు. ఇలాంటి బిల్డింగుల్లో అసలు సమస్య లోతు: కిటికీలు బయటి గోడలకే ఉంటాయి, మధ్య గదులకి వెలుతురు రాదు. వీళ్లు మండువా ఇంట్లోలాగా మధ్యలో కప్పు తీసేసి, మే నెల ఎండ ఏ గంటకి ఎక్కడిదాకా పడుతుందో చూపించారు, కప్పుని మోసే ఇనుప ట్రస్సుల్ని ఆ తుప్పు రంగుతో సహా ఉంచారు. వియన్నాలో 1890ల నాటి గ్యాస్ ట్యాంకుల్నే 2001కల్లా అపార్ట్‌మెంట్లు చేశారు, మన గోడౌన్లు ఎందుకు కూల్చాలి? లోపం ఒకటే, బట్టలారేసే చోటు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు అడిగితేగానీ పెట్టలేదు. పునాది బలం మాత్రం బొమ్మలో తేలదు, దానికి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని విడిగా పిలవండి.