రెండు ఓటములు, మధ్యలో కొండవెలగాడ

మా బావమరిది చెన్నైలో ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లయింది. ప్రో కబడ్డీలో వాడిది తమిళ్ తలైవాస్ పక్షం, నాది తెలుగు టైటాన్స్. ఇంట్లో ఈ తగవు ఏటా రెండు మూడు నెలలు నడుస్తుంది, మిగతా కాలమంతా దాని నెమరువేతే. అలాంటిది, పన్నెండో సీజను మొదటి ఆటే ఈ రెండు జట్ల మధ్య, అదీ విశాఖపట్నంలో అని తెలిసేసరికి ఒకరికొకరం ఒకేసారి ఫోన్లు చేసుకున్నాం. ఇద్దరికీ బిజీ అనే వచ్చింది.

2025 ఆగస్టు 29, శుక్రవారం. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం, గిడుగు రామమూర్తి పుట్టినరోజు కాబట్టి తెలుగు భాషా దినోత్సవం. మా ఆవిడ తెలుగు టీచరు. ఏటా ఆ రోజు బడిలో వ్యాసరచన పోటీలు పెట్టే మనిషి, ఈసారి సెలవు పెట్టి కబడ్డీకి వచ్చింది. గిడుగు వారిది శ్రీకాకుళం వైపే కదా, ఆయన నేల దగ్గరికే వెళ్తున్నాను అని హెడ్‌మాస్టరుకు చెప్పిందట.

విజయవాడ నుంచి రత్నాచల్‌లో వెళ్లాం. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు దింపుతుంది, రాత్రి బస్సు బడలిక ఉండదు. ఆట చూడటానికి వెళ్లేవాళ్లకు దీన్ని మించిన బండి లేదని నా లెక్క. బావమరిది చెన్నై నుంచి రాత్రి బండిలో వచ్చి, మాకంటే ముందే స్టేషన్‌లో కాఫీ తాగుతూ కనిపించాడు. ఒంటిమీద తలైవాస్ చొక్కా. పోర్టరు ఒకాయన వాణ్ణి ఎగాదిగా చూసి ఏమీ అనకుండా పోయాడు.

గది దొండపర్తి వైపు ఒక లాడ్జిలో తీసుకున్నాం. స్టేషన్‌కు దగ్గర, 24 గంటల లెక్క, రోజుకు పద్దెనిమిది వందలు. ఫొటోల్లో చూపించిన పెద్ద కిటికీ నిజంగానే ఉంది, కాకపోతే అది పక్క భవనం గోడకు మూరెడు దూరంలో తెరుచుకుంటుంది. వేడినీళ్లు ఉదయం ఎనిమిదింటి వరకే. పైగా వినాయక చవితి వెళ్లి రెండు రోజులే అయింది, సందు మొదట్లో మండపం, మైకు. మేనేజరు మాత్రం ఉన్నమాట చెప్పాడు: “మైకు పదకొండింటికి ఆపేస్తారండీ, ఆ తర్వాత హాయిగా పడుకోవచ్చు.” సరిగ్గా పదకొండుకి ఆగింది. కిటికీ సంగతి కూడా ఇలాగే ముందే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

ఆట విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో. ఆ పేరు చెబితే మొదటి ఆటో ఆయనకు తెలియలేదు, రెండో ఆయనకూ తెలియలేదు. మూడో ఆయన ఫోనులో పటం చూసి, “సాలగ్రామపురం పోర్టు స్టేడియమా? ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ” అని మమ్మల్నే కోప్పడ్డాడు. కొత్తగా వెళ్లేవాళ్లు ఆ పాత పేరే చెప్పండి, పని అవుతుంది. స్టేషన్ నుంచి దూరం తక్కువే అయినా, దారిలో మూడు వినాయకుళ్లు, మూడు జనసమ్మర్దాలు దాటాలి. గంట ముందు బయలుదేరడం మేలు.

విశాఖలో ప్రో కబడ్డీ 2018 తర్వాత మళ్లీ ఇదే. ఏడేళ్ల ఆకలి జనంలో కనిపించింది. హాలు లోపల కూర్చున్నాక తెలిసింది, ఈ ఆటకు టీవీ ఎంత అన్యాయం చేస్తుందో. చాప మన కళ్లముందే ఉంటుంది. పట్టు దొరికినప్పుడు ఆటగాడి వీపు చాపకు తగిలే చప్పుడు వినిపిస్తుంది. వినిపించనిదల్లా కూత. మా ఊళ్లో చెడుగుడు ఆడే రోజుల్లో కూత వినడానికే జనం గీత దగ్గరికి వచ్చి కూర్చునేవారు, ఎవడికి ఎంత ఊపిరి ఉందో దాన్నిబట్టి తేలేది. ఇక్కడ ఊపిరి బదులు ముప్పై సెకన్ల గడియారం. కూత నోట్లో కదులుతూనే ఉంటుంది, పాటల హోరులో మనదాకా రాదు. నాకది వెలితిగానే అనిపించింది. మా ఆవిడ మాత్రం, “మీ ఊళ్లో ఊపిరి సంగతేమో గానీ, పేచీలు తెల్లారేదాకా నడిచేవట” అంది.

అసలు తమాషా పవన్ సెహ్రావత్‌తో మొదలైంది. 2023 వేలంలో టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసి అతణ్ణి కొనుక్కున్నారు. రెండు సీజన్లు మా చొక్కా వేసుకున్నాడు. ఇప్పుడు అవతలి జట్టు. అతను కూతకు వచ్చినప్పుడల్లా హాలుకు ఏం చేయాలో పాలుపోలేదు. సగంమంది అలవాటు కొద్దీ ఈలలు వేశారు, వెంటనే నాలుక కరుచుకున్నారు. మా వెనక వరుసలో ఒక పెద్దాయన లేచి, “ఒరేయ్ పవనూ, మా ఉప్పు తిన్నావురా!” అని అరిచాడు. చుట్టూ నవ్వులు. అతను పాయింటుతో తిరిగి వెళ్తుంటే ఆ పెద్దాయనే మెల్లగా చప్పట్లు కొట్టడం నేను చూశాను.

బావమరిది సమయం చూసి పొడిచాడు. “బావా, మా జట్టు మా జట్టు అంటావు, ఇందులో తెలుగువాడెవడు? కెప్టెన్ విజయ్ మాలిక్‌ది హర్యానా, భరత్‌ది హర్యానా.”

“మీ అర్జున్ దేశ్వాల్‌ది మైలాపూరా?” అన్నాను. అతనిది ఉత్తరప్రదేశ్. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా ఆట చూశాం.

ఆ దేశ్వాలే 12 పాయింట్లు తెచ్చి మమ్మల్ని ముంచాడు. 38-35. మూడు పాయింట్లు! ఆఖరి నిమిషాల్లో నేను ఏం అరిచానో నాకు తెలియదు, మర్నాడు గొంతు మాత్రం పెగల్లేదు. హర్యానా కుర్రాళ్ల కోసం విశాఖలో ఒక విజయవాడవాడి గొంతు పోవడం ఏమిటని ఆలోచిస్తే నవ్వొచ్చే మాటే. కానీ చొక్కా మీద ఉన్న ఆ ‘తెలుగు’ అనే మాటను పదిహేను రాష్ట్రాల వాళ్లు టీవీలో చదువుతున్నారు కదా అనిపించినప్పుడు నవ్వు రాదు. అదే టిక్కెట్టు మీద రెండో ఆట కూడా చూడవచ్చు. బెంగళూరు, పుణె జట్లు సమానంగా నిలిచి టైబ్రేకర్ దాకా వెళ్లాయి. పెట్టిన డబ్బుకు ఆ రాత్రి ఎంత చెప్పినా తక్కువే. గెలిచిన పక్షం ఖర్చు పెట్టుకోవాలన్న ఒప్పందం ప్రకారం బావమరిది మమ్మల్ని మర్నాడు తెల్లవారగానే ఆర్కే బీచికి తీసుకెళ్లాడు. ఆ వేళకు మురీ మిక్స్చర్ బళ్లు ఇంకా రాలేదు. ఆ బాకీ ఇప్పటికీ ఉంది.

విజయనగరం వెళ్దామన్నది మా ఆవిడ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరు బరువులెత్తే పిల్లలకు పేరుపడింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. మొదట కాంస్యం ఇచ్చారు. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి మందుల పరీక్షలో దొరికిపోవడంతో అది రజతమైంది. ఉత్తరాంధ్రకు ఈ బరువుల పిచ్చి కొత్త కాదు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి, ఇద్దరిదీ పక్కనున్న ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాయే.

ద్వారకా బస్‌స్టేషన్‌లో నాన్‌స్టాప్ ఎక్కుదామన్నాను. మా ఆవిడ ససేమిరా అంది. స్త్రీశక్తి పథకం ఆగస్టు 15నే మొదలైంది. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, నాన్‌స్టాప్‌లో ఉంది. ఎక్స్‌ప్రెస్ కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. ఆధార్ చూపించి తీసుకున్న సున్నా రూపాయల టిక్కెట్టును ఆవిడ పర్సులో దాచుకుంది. మా ఇద్దరి టిక్కెట్లు నేను కొన్నాను. రద్దీ బాగా ఉంది, మగవాళ్లం విజయనగరం దాకా నిలబడే వెళ్లాం. కండక్టరమ్మ ఓపిక మాత్రం మెచ్చుకోదగ్గది, అందరినీ పేరు పెట్టి పిలిచినట్టే పిలిచింది.

కొండవెలగాడలో చూడటానికి యాత్రికుల కోసం ఏమీ ఉండదు. ముందే చెబుతున్నాను, హోటలు కోసం వెతకకండి, విజయనగరంలోనే తిని వెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళితే వ్యాయామశాలకు తాళం. అరుగు మీద కూర్చున్న ఒకాయన, “పిల్లలు సాయంత్రం వస్తారు బాబూ. మా ఊరి పిల్లల్ని చూడ్డానికి బెజవాడ నుంచి వచ్చారా?” అని ఆశ్చర్యపోయి, మంచినీళ్లిచ్చి, నీడలో మంచం వేయించాడు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు దొరికిన మంచి విడిది అదే, దానికి అద్దె లేదు.

ఐదింటికి తలుపు తీశారు. పదేళ్లు దాటని పిల్ల నుంచి డిగ్రీ చదివే పిల్ల వరకు ఉన్నారు. ఒక అమ్మాయి తెల్లపొడి చేతులకు రాసుకుని, రెండు చేతులూ ఒకదానితో ఒకటి తట్టి, కడ్డీ ముందు వంగింది. ఎత్తలేదు. బొటనవేలిని మిగతా వేళ్ల కింద దాచి పిడికిలి బిగించింది, మళ్లీ వదిలింది, మళ్లీ బిగించింది. నాలుగోసారి ఒక్క ఊపున తలమీదకు లేపింది. మోకాళ్లు వణికాయి, మోచేతులు వణకలేదు. కడ్డీ కింద పడినప్పుడు మా కాళ్ల కింద నేల అదిరింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాతి అమ్మాయి పొడి అందుకుంది. నిన్న రాత్రి అంత అరిచిన బావమరిది నోట మాట లేదు, తలైవాస్ చొక్కా మీద పైజేబు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పావుగంటకే లేవాల్సి వచ్చింది, రాత్రి బండి విశాఖలో. వెళ్లొస్తామంటే ఆ పెద్దాయన, “ఈసారి పోటీలప్పుడు రండి, మన పిల్లల్నే చూద్దురు గాని” అన్నాడు. మధ్యాహ్నం ‘మా ఊరి పిల్లలు’ సాయంత్రానికి ‘మన పిల్లలు’ అయిన సంగతి తెలుగు టీచరు గారు బస్సెక్కేదాకా చెబుతూనే ఉన్నారు.

అక్టోబరు 12న మళ్లీ విశాఖ. ఈసారి మహిళల క్రికెట్ ప్రపంచకప్, భారత్, ఆస్ట్రేలియా. బావమరిదికి సెలవు దొరకలేదు, మా అమ్మాయి తోడొచ్చింది. పాఠం నేర్చుకుని, గది స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో పీఎం పాలెంలో తీసుకున్నాం. ఒక కుటుంబం తమ మేడ మీది రెండు గదులు అద్దెకిస్తోంది. లాడ్జి కంటే ఐదు వందలు ఎక్కువే అయింది. కానీ రాత్రి ఆట ముగిశాక మధురవాడ రోడ్డు మీద ఆటోవాళ్లు నాలుగింతలు అడుగుతుంటే, ఊళ్లోకి వెళ్లాల్సిన జనం బేరాలాడుతుంటే, మేము పావుగంటలో నడిచి ఇల్లు చేరాం. ఐదు వందలూ అక్కడే వసూలయ్యాయి. పగటిపూట మాత్రం ఊళ్లోకి 222 నంబరు సిటీ బస్సు చాలు.

2005లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన మైదానం ఇదే. వెనక కొండలు, సాయంత్రం వాటి మీద రంగు మారడం ఆట మధ్యలో కూడా చూపు తిప్పుకునేంత బాగుంటుంది. ఆ రోజే అక్కడ ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు మా కృష్ణా జిల్లా పిల్ల, వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. మా అమ్మాయి కల్పన పేరు ముందు నిలబడి ఫొటో దిగింది. ఆటో నడిపే ఆయన కూతురని చెబితే ఇంకో ఫొటో దిగింది.

మా ముందు వరుసలో కడప నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన ఆరుగురు. శ్రీచరణి కోసమే వచ్చారట. భారత్ 330 పరుగులు చేసేదాకా పెద్దగా చలించలేదు. ఆ ఎడమచేతి స్పిన్నర్ బంతి అందుకోగానే లేచి నిలబడ్డారు, ఇక కూర్చోలేదు. వెనకవాళ్లు మొదట విసుక్కున్నారు. “మా కడప పిల్లండీ, పది ఓవర్లే కదా, ఓర్చుకోండి” అని చేతులు జోడించాడు ఒకాయన. అవతల అలిస్సా హీలీ కొడుతున్న దెబ్బలకు మిగతా బౌలర్లు అల్లాడుతుంటే, చరణి 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. 142 దగ్గర హీలీ ఆమె బంతికే దొరికినప్పుడు విసుక్కున్న వరుసంతా లేచి నిలబడింది, నాతో సహా. “మన పిల్ల!” అని మా అమ్మాయి ఆ కడప ఆయన భుజం మీద కొట్టింది. తర్వాత నాలుక కరుచుకుని క్షమాపణ చెప్పింది.

గెలవలేదు. గాయమై వెళ్లిన ఎలీస్ పెరీ తిరిగి వచ్చి సిక్సుతో ముగించింది. 331, మహిళల వన్డేల్లో అంతకుముందు ఎవరూ ఛేదించనంత లక్ష్యం. కడప వాళ్లు సంచులు సర్దుకుంటూ, చరణి గణాంకాలు మాత్రమే మళ్లీ మళ్లీ చదువుకున్నారు.

నవంబరు 2 రాత్రి భారత్ కప్పు గెలిచింది. చరణి ఖాతాలో మొత్తం 14 వికెట్లు. బావమరిది ఫోను చేశాడు. మన అమ్మాయి, మన అమ్మాయి అంటూ ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఆ ఏడాది టైటాన్స్ ప్లేఆఫ్స్ దాకా వెళ్లిన సంగతి నేను గుర్తు చేశాను. “అది మీ జట్టు” అన్నాడు.

వచ్చేసారి గది విశాఖలో కాదు, విజయనగరంలోనే తీసుకుంటాం. సాయంత్రం ఐదింటికి తాళం తీసేటప్పటికి కొండవెలగాడలో ఉండాలంటే అదే వీలు.