ఒక దేశానికి రాయబారా, ఒక ప్రాంతానికి ప్రత్యేక దూతా?

గొడవ ఒక దేశంలో మొదలై పొరుగు దేశాలకు పాకినప్పుడు ఎవరిని పంపాలి?

పరిధి: రాయబారి విధులను 1961 నాటి వియన్నా ఒప్పందం చెబుతుంది: ప్రాతినిధ్యం, స్వదేశీయుల రక్షణ, చర్చలు, సమాచార సేకరణ. ప్రత్యేక దూతకు మాత్రం నియామక పత్రంలో ఎంత రాస్తే అంతే. పేచీలన్నీ అక్కడే. 2009 జనవరిలో ఒబామా రిచర్డ్ హోల్‌బ్రూక్‌ను అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లకు ప్రత్యేక ప్రతినిధిగా నియమించారు. కశ్మీర్‌ను కూడా ఆయన చేతిలో పెడతారేమోనని ఢిల్లీ ముందే అడ్డుపడింది. చివరికి ఆ బాధ్యతల్లో భారత్ ప్రస్తావన లేదు. పట్టుదల అతిగా అనిపించవచ్చు గానీ, ఒప్పుకుని ఉంటే మూడో పక్షం మధ్యవర్తిత్వానికి తలుపు తీసినట్టే.

ఖర్చు: రాయబార కార్యాలయానికి భవనాలు, సిబ్బంది ఏళ్ల తరబడి ఉండాలి. దూతకు చిన్న బృందం, బోలెడు విమాన ప్రయాణాలు.

శ్రమ: 2013 ఫిబ్రవరిలో ఆడిస్ అబాబాలో 11 దేశాలు కాంగో శాంతి ఒప్పందంపై సంతకం చేశాయి. మరుసటి నెలలో ఐక్యరాజ్యసమితి దూతగా వచ్చిన మేరీ రాబిన్సన్ ఇన్ని రాజధానులతోనూ మాట్లాడాల్సి వచ్చింది. కాంగో రాజధాని కిన్షాసాలోని ఏ రాయబారికీ ఆ తిరుగుడు లేదు.

ముప్పు: రాయబారిని ఆతిథ్య దేశం పొమ్మనగలదు. దూతకు సొంత రాయబారులతోనే పెత్తనం తగాదా.

వీసాలు, వాణిజ్యం, రోజువారీ సంబంధాలైతే రాయబారి చాలు. సాయుధ ముఠాలు, శరణార్థులు సరిహద్దులు దాటుతుంటే దూతే నయం, అదీ గడువు, పరిధి స్పష్టంగా రాసిస్తేనే.