నడకా, పరుగా: కర్నూలులో బరువు తగ్గాలంటే ఏది?

కర్నూలులో తెల్లవారుజామునే షూ వేసుకుని బయల్దేరే చాలామందిది ఇదే ప్రశ్న.

ఖర్చు: నడకకు కాలికి సరిపోయే మామూలు షూ చాలు. పరుగుకు మెత్తటి అడుగున్నది కావాలి, అరిగితే మార్చాలి.

ఫలితం: 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. పరుగెత్తితే దాదాపు రెట్టింపు. ఇక్కడ పరుగుదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ ఉత్సాహంగా పరుగు మొదలుపెట్టి నెల తిరక్కుండానే మానేసినవాళ్లను ఎంతమందినో చూశాను. నడక అలా కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. ఏది చేసినా, ఇంటికొస్తూ ప్లేటు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తింటే ఖర్చయిన కేలరీలన్నీ తిరిగొచ్చేస్తాయి. దయచేసి ఆ ఒక్కటి మానుకోండి.

రిస్క్: పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాళ్ల మీద పడుతుంది. నడకలో అది చాలా తక్కువ.

ఎండ: మేలో మనకు 40 డిగ్రీలు దాటడం మామూలే. పరుగైతే పొద్దెక్కకముందే ముగించాలి. నడకను పొద్దుగూకాక కూడా పెట్టుకోవచ్చు.

మోకాళ్ల నొప్పి, అధిక బరువు ఉన్నవాళ్లకు, యాభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నడకే. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో, వారానికి 150 నిమిషాలు. కానిస్టేబుల్ సెలెక్షన్‌లో 1,600 మీటర్లు పరుగెత్తాల్సిన కుర్రాళ్లకు, టైం తక్కువుండి మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు పరుగు. అదీ కొన్ని వారాలు నడిచి కాళ్లు అలవాటుపడ్డాకే.