యర్ట్ కిట్టు: 36 వాసాలని రాసి 35 పంపారు

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పేరు పెట్టి తిట్టడం నాకిష్టం లేదు. ఇలాంటి కిట్టు కొనాలని చూస్తున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది పర్లాకిమిడి. కాశీనగర్ వెళ్ళే దారిలో చిన్న జీడి తోట ఉంది. కాపు టైములో రాత్రి కాపలాకి ఒక పాక కావాలి. ఆదివారాలు మేం ఐదుగురం కూర్చోడానికీ పనికొస్తుంది కదా అని, మామూలు పాక వేయించుకోకుండా, బుద్ధి గడ్డి తిని ఈ కిట్టు తెప్పించా. అడ్డకొలత 16 అడుగులు, అంటే లోపల 200 చదరపు అడుగుల చోటు. లక్షా నలభై వేలయింది, లారీ కిరాయి వేరే. తోట దాకా తేరు, ఊళ్ళో గోడౌన్ దగ్గర దించేసి పోతారు. అక్కణ్ణుంచి మా బావ ట్రాక్టరే దిక్కయింది.

యర్ట్ అంటే మంగోలియా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ వైపు పశువుల్ని మేపుకుంటూ తిరిగేవాళ్ళు విప్పి, మడిచి, వెంట తీసుకుపోయే గుండ్రటి ఇల్లు. మంగోలులు గెర్ అంటారు. గోడంతా కర్రల జాలీ తడిక, లాగితే సాగుతుంది, నొక్కితే ముడుచుకుంటుంది. నడినెత్తిన ఒక చక్రం, గోడ నుంచి ఆ చక్రానికి చుట్టూ వాసాలు. కిర్గిజ్ జెండా మధ్యలో కనబడే గుర్తు ఆ చక్రమే. ఇదంతా నేను పక్క తోట పెద్దాయనకి వివరంగా చెప్తే, ఆయన బీడీ ఆర్పి, "చుట్టిల్లు కట్టుకోడానికి బెంగుళూరు నుంచి కర్రలు తెప్పించావేటి బాబూ?" అన్నాడు. నిజమే, సోంపేట, బారువ సముద్రపు ఒడ్డు వైపు మట్టి గోడలతో, నేల దాకా దిగిన తాటాకు కప్పుతో మనవాళ్ళు ఎప్పట్నుంచో కట్టుకుంటున్నది గుండ్రటి ఇల్లే. కాకపోతే దాన్ని మడిచి ట్రాక్టర్లో వేసుకోలేం అన్నాను. అప్పటికి ఆ మాట నాకే అంత నమ్మకంగా లేదు.

కనుమ మర్నాడు పొద్దున్న ఏడింటికి మొదలెట్టాం. పుస్తకంలో ఇద్దరు మనుషులు, మూడు గంటలు అని ఉంది. ఆ ఇద్దరూ ఎవరో నాకు చూడాలనుంది. మేం ఐదుగురం, అందులో ఒకడికి వెల్డింగు షాపు ఉంది, ఇంకొకడు తాపీ పని చేయిస్తాడు, అయినా వాసాలు నిలబడేసరికి లైటు వేయాల్సొచ్చింది. గోడ సులువే. నడుమ మేకు కొట్టి, ఎనిమిది అడుగుల తాడుతో గీత గీసి, తలుపు చట్రం నిలబెట్టి, తడికని ఆ గీత వెంట సాగదీస్తే అరగంట పని. అసలు కష్టం చక్రం దగ్గర. దాన్ని తొమ్మిదడుగుల ఎత్తున పట్టుకుని ఉండాలి, ఎదురెదురుగా నాలుగు వాసాలు గుచ్చాలి, అప్పుడు గానీ అది తనంతట తాను నిలవదు. మేం ఒక వైపు నుంచే వరసగా గుచ్చుకుంటూ పోయాం. ఆరో వాసానికి చక్రం ఒరిగి మా బావ భుజం మీద పడింది. ఆయన "నాకు తెలుసురా, మీ చెల్లెల్ని చేసుకున్న రోజే అనుకున్నాను" అని కూర్చుండిపోయాడు. టీ తాగాక, తోటలో కాయలు కోసే స్టూలు తెచ్చి, దాని మీద ఇద్దరు నిలబడి చక్రం పట్టుకుంటే పనైంది.

మధ్యాహ్నం నాటుకోడి తిని వచ్చి వాసాలు లెక్కపెడితే 35 ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టారు. నా అన్నం తిని నా ఇంటి వాసాలే లెక్కపెట్టారని ఇప్పటికీ వాళ్ళని ఏడిపిస్తుంటా. ఒక్కటి లేకపోతే ఏమైందిలే అనుకోకండి, ఆ సందులో కాన్వాసు కుంగి వాన నీళ్ళు నిలుస్తాయి. తోట కంచె కోసం ఉంచిన సరుగుడు కర్ర ఒకటి చెక్కి పెట్టాం. కంపెనీకి ఫోను చేస్తే, హిందీలో చాలా మర్యాదగా, "పంపిస్తాం సార్" అన్నారు.

ఇంకో విషయం, ఇది ముఖ్యం. వాసాల బరువు గోడని బయటికి తోస్తుంది. ఆ తోపుని ఆపేది గోడ పైఅంచున చుట్టూ బిగించే పట్టీ ఒక్కటే. కిట్టులో నవారు లాంటి పట్టీ ఇచ్చారు, రాత్రి మంచుకి తడిసి సాగింది, తెల్లారేసరికి చక్రం జానెడు దిగింది. వెల్డింగు మిత్రుడు దాన్ని పీకి అవతల పారేసి ఇనప తీగల తాడు వేసి బిగించాడు. తర్వాత వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అరుగు విషయంలో తప్పు మాదే. కాస్త వెడల్పుగా ఉంటే చెప్పులు విడవడానికి బాగుంటుందని 18 అడుగులు కట్టాం. గోడ మీంచి జారిన నీళ్ళు మిగిలిన అడుగు మీద నిలిచి మొదటి వానకే లోపలికి వచ్చేశాయి. అరుగు సరిగ్గా గోడ కొలతే ఉండి, కాన్వాసు దాని అంచు దాటి కిందికి వేలాడాలి. ఇప్పుడు చుట్టూ వాటం పోయించాం. తడిక కాళ్ళకి చెద పట్టకుండా కాలిన ఇంజిన్ ఆయిలు కూడా పూయండి.

ఇక ఉన్ని పొర. గొర్రె ఉన్ని తడిపి, ఒత్తి చేసిన మందపాటి దుప్పటి లాంటిది, కాన్వాసు కింద వేస్తారు. మంచు కురిసే పొడి దేశాలకి అది ప్రాణం. మన సముద్రపు గాలికి ఆషాఢంలోనే బూజు పట్టింది, లోపలికి వెళ్తే తడిసిన మేకల దొడ్డి వాసన. ధరలో నాలుగో వంతు దానిదే, కంపెనీవాళ్ళు "వెనక్కి తీసుకోం" అన్నారు. అమ్మేవాళ్ళు ఊరేదని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. ఉన్ని తీసేసి, కాన్వాసు కింది అంచు అడుగు ఎత్తి కట్టి దోమతెర వేశాం. గాలి కింద నుంచి వచ్చి చక్రం లోంచి పోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మా డాబా కంటే అదే నయం. మంగోలులూ ఎండాకాలం అడుగు భాగం ఇలాగే ఎత్తి కడతారట.

2018 అక్టోబరు 11న తిత్లీ మా జిల్లాని ఏం చేసిందో చూసినవాణ్ణి, తుపాను గాలికి ఈ కాన్వాసుని నమ్మను. అందుకే మొన్న అక్టోబరు మొదట్లోనే విప్పేశాం. నలుగురం, గంటన్నర. పెద్దాయన చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

చట్రానికి 5కి 4 ఇస్తా, ఉన్నికి సున్నా, పుస్తకానికి అదీ దండగ. ఉన్ని లేకుండా చట్రం, కాన్వాసు మాత్రమే ఇస్తామంటే తీసుకోండి. పిలిస్తే వచ్చే నలుగురు లేకపోతే మాత్రం వద్దు.

36వ వాసం ఆరు వారాలకి కొరియర్లో వచ్చింది. మిగతావాటికంటే జానెడు పొట్టి. జీడిపళ్ళు దులపడానికి సరిపోతోంది.