అట్టముక్కల అక్షరాల పెట్టె: మూడేళ్లు వాడాక

ఇది అంగట్లో కొన్న వస్తువు కాదు. పెళ్లిపత్రికలు కోసి చేసుకున్న అక్షరాల ముక్కలు, హల్లుకొకటి చొప్పున మడత పట్టీలు, ఒత్తులకు జంట ముక్కలు, వాటికి తోడు ప్రింటు తీసి దారంతో కుట్టిన కథలు. పాలమూరులో బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న మూడిళ్లలో, ఐదుగురు పిల్లల చేతుల్లో ఈ పెట్టె మూడేళ్లు నలిగింది. మొదలుపెట్టిన రోజు అందరికంటే చిన్నదానికి నాలుగున్నర, పెద్దవాడికి ఏడు. ఏది నిలిచింది, ఏది మూలకు పడింది, ఎందుకు అన్నదే ఈ సమీక్ష.

ముందు తయారీ. ముక్క 6 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తు. దళసరి పత్రిక అయితే ఒక్క పొర చాలు, పలుచనిదైతే రెండు పొరలు అతికించాలి. అక్షరం 4 సెం.మీ. ఎత్తుకు తగ్గొద్దు, లావు మొన ఉన్న నల్ల మార్కరుతోనే రాయాలి. కింది అంచున సన్నగా ఒక గీత కొడితే ముక్కను తలకిందులుగా పట్టుకోరు. మెరిసే లామినేషన్ చేయించిన మొదటి సెట్టు ట్యూబ్‌లైటు కింద అద్దంలా మెరిసి సగం అక్షరాన్ని మింగేసింది. సెల్లో టేపు చుట్టిన రెండో సెట్టు ఎండాకాలంలో జిగురు కారి ముక్కకు ముక్క అతుక్కుంది. పైన ఏ పూతా లేని మూడో సెట్టే ఇప్పటికీ నడుస్తోంది. నలిగిన ముక్కను మళ్లీ రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. రబ్బరు బ్యాండ్లు మాత్రం వద్దు, మన ఎండలకు ఏప్రిల్ కల్లా కరిగి అట్టకు పట్టేస్తాయి. పాత నాడా ముక్కతో కట్టి మిఠాయి డబ్బాలో పడేస్తే అయిపోయె.

అసలు సంగతి అక్షరాల వరస. అ ఆ ఇ ఈ అని మొదలుపెట్టి చివరి ఱ దాకా లాగితే పిల్లలకు ఒక్క మాట చదివిన సంబరం దక్కేసరికి నెలలు గడుస్తాయి. ఙ, ఞ పెట్టి మాట కట్టమంటే పెద్దవాళ్లమే తడుముకుంటాం. మా పెట్టెలో వరస ఇది: త, ల, క, ప, డ, గ, న, ర, వ, ద. ఈ పదితోనే తల, కల, వల, పలక, పడవ, నగ, గద, నడక, వరద చదివేయొచ్చు. పదకొండోదిగా సున్న చేర్చగానే దండ, గంప, కంప వస్తాయి. కంప అంటే ఏమిటని పాలమూరు పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అరికాళ్లకు తెలుసు. అచ్చులను వరసగా పెట్టలేదు. అల, ఆట, ఈత లాంటి మాటలు కావాల్సినప్పుడు ఒక్కొక్కటీ బయటికి తీశాం.

ఈ వరసలో ఇంకో కిటుకు ఉంది. పోలిక ఉన్న అక్షరాలు పక్కపక్కన రావు. ప, వ మధ్య నాలుగు అక్షరాల దూరం ఉంది. డ, ద మధ్య కూడా నాలుగే. మొదటిది బాగా కుదిరాక రెండోది వస్తే తికమక తక్కువ. రెండూ ఒకే వారం నేర్పి 'తేడా చూడు, తేడా చూడు' అని పదేపదే అంటే ఆ గందరగోళం ఏడాది పోదు. ద, ధ, థ లదీ, ప, ఫ, ష, స లదీ ఇదే బాధ. అందరూ మరిచిపోయే జంట ఒకటుంది: మ, వు. పక్కపక్కన రాసి చూడండి, తేడా అంతా తోకలోనే. ఆవును 'ఆమ' అని చదివితే అది అజాగ్రత్త కాదు, కన్ను సరిగ్గా చూసి చేసిన తప్పు. 'వు' చేరే వారం 'మ' ముక్కను డబ్బాలో దాచేయండి.

కొత్త ముక్క ఎప్పుడు తీయాలి? వారానికి ఇన్ని అని లెక్క పెట్టుకుని రెండుసార్లు దెబ్బతిన్నాం. ఇప్పుడు ఒకటే కొలత. ఈరోజు చూపిన అక్షరాన్ని మధ్యలో రెండు రోజులు పెట్టె తెరవకుండా వదిలి, మూడో రోజు పది ముక్కల కుప్పలోంచి తనంతట తాను ఏరి, దానితో ఒక మాట పేర్చగలిగితే తర్వాతిది. లేకపోతే పాతవాటితోనే ఆట. ఒక్కసారి కూర్చుంటే పది నిమిషాలే, ఆవలింత వస్తే ఐదుకే మూసేయాలి. మొదటి పది అక్షరాలకు మా ఐదుగురిలో ఒకరికి కొన్ని వారాలే పట్టాయి, ఇంకొకరికి ఏడు నెలలు. ఆ ఏడు నెలలు పట్టిన పిల్లవాడే తర్వాత ఒత్తులను అందరికంటే ముందు దాటాడు.

గుణింతాల దగ్గర పెట్టె మమ్మల్ని బాగా తిప్పలు పెట్టింది. క్ష, ఱలను పక్కన పెట్టినా 34 హల్లులు, ఒక్కోదానికి 12 రూపాలంటే 408. ఇన్ని ముక్కలు ఎవరు కోస్తారని గుర్తులను పారదర్శకపు షీటు మీద రాసి, అక్షరం మీద జరుపుకునే పట్టీ చేశాం. వారానికే మూలకు పడింది. గుర్తు అన్ని అక్షరాల మీదా ఒకేచోట ఒకేలా కూర్చోదు. 'కు'లో కొమ్ము ఒకలా, 'పు'లో మరోలా ఉంటుంది. 'కొ'ను చూసి 'మొ', 'యొ' ఊహించుకోవడం కుదరదు. తలకట్టు తీసి గుడి పెట్టాలన్నా ఖ, జ, ట, ణ, బ, ల లకు తీయడానికి తలకట్టే లేదు. బజారులో దొరికే గుణింతాల చక్రానిదీ ఇదే లోటు, పైగా అందులో అక్షరాలు వంకరగా అతికినట్టు కనిపిస్తాయి.

నిలిచింది మడత పట్టీ. 5 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవున్న చార్టు ముక్కను 12 గళ్లుగా విసనకర్రలా మడిచి, గడికొక రూపం రాశాం. కావాల్సిన గళ్లు మాత్రమే బయటికి మడుచుకోవచ్చు. మొదటి విడతలో తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము నాలుగే. వీటితోనే కాకి, పాలు, గాలి, తాత, పులి, బావి, చలి చేతికొస్తాయి. ఆ తర్వాత గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం, మరి కొన్నాళ్లకు ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వాలకు తొందరేమీ లేదు. మొదట్లో గుర్తులను ఎర్ర సిరాతో రాశాం, చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ పుస్తకంలో అంతా నల్లగా కనబడేసరికి పిల్లలు ఆగిపోయారు. ఎరుపు రెండు వారాలకు మించి ఉండకూడదు.

ఒక హెచ్చరిక. క కా కి కీ అని రాగం తీసి గడగడా చెప్పే పిల్లకు 'కూ' ఒక్కటే చూపించండి. క నుంచి మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వస్తే, వచ్చింది పాటే, చదువు కాదు. పాటకు అడ్డు చెప్పొద్దు గానీ పట్టీని వరసగా కాకుండా అటూ ఇటూ మడిచి చూపించాలి.

ఇక ఒత్తులు. చాలా ఇళ్లలో బండి ఆగేది ఇక్కడే. కారణం పిల్లల్లో లేదు, మన రాత అమరికలో ఉంది. బస్టాండులో వనపర్తి బస్సు బోర్డు చూడండి. చివరి అక్షరం 'ర్తి'. కంటికి ముందు కనిపించేది ర, దాని నెత్తిన గుడి, కింద త ఒత్తు. కన్ను చూసిన వరసలో నోరు కదిలితే 'వనపరిత' అవుతుంది. పలకాల్సింది మాత్రం ముందు ర్, తర్వాత తి. గుడి కూర్చున్నది ర నెత్తిన, పని చేసేది త కోసం. ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పకపోతే పిల్లలు 'వనపరిత' అనో 'వనపత్రి' అనో అంటారు, మనం కసురుకుంటాం.

మేం వాడే మందు మూడు ముక్కలు: 'ర్', 'తి', 'ర్తి'. మొదటి రెండూ పక్కపక్కన పెట్టి మెల్లగా ఒకసారి, త్వరగా ఒకసారి పలికించాలి. నోటికి పట్టాక వాటి మీద 'ర్తి' ముక్క కప్పాలి. కప్పడం, తీయడం, మళ్లీ కప్పడం, రోజుకు ఐదారుసార్లు. అదే రోజు 'త్ర' జోలికి పోవద్దు. గుర్తు, పూర్తి, కర్త ఓ పదిరోజులు నడిచాక 'త్', 'ర' ముక్కలతో పత్రం, చిత్రం, రాత్రి తేవాలి.

వీటికంటే ముందు రావాల్సినవి జంట అక్షరాలు. ఒత్తు చూడగానే పోల్చుకోగలిగేవి మొదట: కప్ప, ముక్కు, చెట్టు, ఎద్దు, గడ్డి, డబ్బు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు, ఈ ఆరింటినీ విడిగా గుర్తుపట్టించాలి. అమ్మ, నాన్న, అత్త ఎలాగూ మొదటి నుంచీ బొమ్మలా కంటికి అలవాటై ఉంటాయి గనక అక్కడి నుంచే ఎత్తుకోవడం తేలిక.

బస్సు బోర్డులను మించిన వాచకం మాకు దొరకలేదు, అదీ ఉచితంగా. కోదాడ, హాలియా, దేవరకొండ, భువనగిరి, నారాయణపేట: వీటిలో ఒత్తే లేదు, గుణింతాలు వస్తే చాలు. నల్లగొండ, కొత్తకోట జంట అక్షరాలకు. షాద్‌నగర్, నకిరేకల్ పొల్లుకు. గద్వాల, దేవరకద్ర, సూర్యాపేట వేరే ఒత్తులకు. అన్నింటికంటే కష్టం జడ్చర్ల, మూడక్షరాల ఊర్లో రెండు ఒత్తులు. ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న బస్సులే చూపించండి, కదిలేదాన్ని చదవమంటే ఊహించి చెబుతారు.

ఊహ అనగానే గుర్తొచ్చింది. బొమ్మ పక్కన 'గేదె' అని రాసి ఉంటే మన పిల్లలు ఠక్కున 'బర్రె' అంటారు. 'చొక్కా' ఉంటే 'అంగి', 'సొరకాయ' ఉంటే 'ఆనిగెపుకాయ'. మాట తప్పు కాదు, కానీ చదివింది అక్షరాన్ని కాదు, బొమ్మను. అరచేత్తో బొమ్మ మూసి మళ్లీ అడిగితే తేలిపోతుంది. అందుకే మా ముక్కల మీద ఎక్కడా బొమ్మలు వేయలేదు. దీనికి పూర్తిగా వేరైన తప్పు ఇంకొకటుంది. 'వచ్చాడు' అని ఉన్నచోట 'వచ్చిండు' అని చదువుకుంటూ పోతారు. దాన్ని ఆపొద్దు. అక్షరాలు పట్టుకుని, అర్థం తెలుసుకుని, తన ఇంటి మాటలోకి మార్చి చెప్పగలిగిన పిల్ల అది. కొన్నాళ్లకు రాసినట్టే చదవడం దానంతటదే వస్తుంది. మాట విని తప్పొప్పులు చెప్పే యాప్ ఒకటి పెట్టి చూశాం గానీ, ఈ రెండు తప్పులకూ తేడా దానికి తెలియలేదు. పిల్లలు నాలుగు రోజులు అది ఇచ్చే నక్షత్రాల కోసం అరిచి, ఐదో రోజు ఫోనులో ఆటలకు పోయారు.

కథల సంగతి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. నాలుగు స్థాయిలుంటాయి. ఆ అంకె చెప్పేది ఎంత కథ, ఎలాంటి వాక్యాలు అన్నది. మీ పిల్లకు వచ్చిన ఒత్తులేవో దానికి తెలియదు. ఇచ్చే ముందు మీరొకసారి చదివి, పేజీలో తెలియని ఒత్తు మాటలు మూడు దాటితే దాన్ని మీరు చదివి వినిపించే కుప్పలో వేయండి. జిరాక్సు షాపులో కాగితం మిగులుతుందని ఒక్క షీటు మీద రెండు పేజీలు కొట్టిస్తే ఒత్తులు చీమల్లా అవుతాయి. షీటుకొక పేజీయే, నలుపు తెలుపు చాలు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్లవి చేతికి బరువనిపించని ధరల్లో దొరుకుతాయి. జిల్లా గ్రంథాలయంలో డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు.

పిల్లలు తమంతట తాము చదువుతున్నారు కదా అని చదివి వినిపించడం మానేయొద్దు. రాత్రి పావుగంట, వేలు వాక్యం కింద జరుపుతూ, మధ్యలో ప్రశ్నలు వేయకుండా. ముక్కలతో నడిచే చదువు నత్తనడక, పిల్లలకు కావాల్సిన కథ అంతకంటే చాలా ముందుంటుంది. ఆ ఎడం పూడ్చేది ఈ పావుగంటే.

'ఏడేళ్లొచ్చినా ఇంకా చదవట్లేదా?' అని చుట్టాలు అడుగుతారు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) వాళ్ల ఓపెన్ బేసిక్ చదువులో మూడో తరగతికి సమానమైన 'ఏ' స్థాయి, ఐదుకు 'బీ', ఎనిమిదికి 'సీ' ఉన్నాయి. తొందరపెట్టే గడువు దగ్గర్లో ఏదీ లేదు. అయితే సొంత వేగం అన్న మాట చాటున అసలు ఇబ్బందిని దాచొద్దు. ఏడు నిండాక ఆరు నెలలపాటు రోజూ పది నిమిషాలు కూర్చున్నా ఇరవై అక్షరాలు నిలవకపోతే ముందు కళ్లు, చెవులు చూపించండి. అవి బాగుంటే డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) పరీక్ష చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. ముక్కల కొలతలు మారుస్తూ కూర్చుంటే ఏడాది వృథా.

పెట్టెలో మిగిలిన లోట్లు రెండు. రాయడానికి ఇందులో ఏమీ లేదు, దానికి పలక, బలపం వేరే పెట్టుకోవాలి. రెండోది, పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పెట్టె పనిచేయదు, ముక్కలు ఇచ్చి వంటింట్లోకి పోతే ఇళ్లు కట్టుకుని ఆడుకుంటారు. త, ల, క ముక్కలు ఇప్పటికి నాలుగుసార్లు కొత్తవి రాశాం. ఋ, ఙ, ఞ ముక్కలు మాత్రం మొదటి రోజు రాసినట్టే ఉన్నాయి. మొన్న ఒక కథలో 'ఋతువు' కనబడింది, ఋ అప్పుడు బయటికి వచ్చింది. మిగతా రెండూ డబ్బా అడుగునే ఉన్నాయి.