గడ్డికప్పు, గులాబీ తీగ చూసి పడిపోకండి: డెవన్‌లో పాత కాటేజీ కొనబోయిన మా కథ

ఇంగ్లండ్‌లో ఇల్లు వెతుకుతున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మరీ ముఖ్యంగా "ఊరి అంచున, పొలాలకు ఎదురుగా, పదిహేడో శతాబ్దపు కాటేజీ" అన్న ప్రకటన కనబడగానే మనసు పారేసుకునే నాలాంటి వాళ్ల కోసం. ఏడు నెలల టెన్షన్, 3,800 పౌండ్ల ఖర్చు, చివరికి ఇల్లు లేదు. రాకపోవడమే మంచిదైందని ఇప్పుడు అనుకుంటున్నాం. కానీ సంగతి ముందే తెలిసుంటే ఆ డబ్బుతో పిల్లల్ని తీసుకుని సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేవాళ్లం.

ఇల్లు నైరుతి ఇంగ్లండ్‌లోని మిడ్ డెవన్‌లో, ఎక్సెటర్ నగరం నుంచి కారులో అరగంట. రెండు వైపులా మనిషెత్తు గట్లున్న ఇరుకు దారిలో వెళ్తే ఊళ్లో ఆఖరి ఇల్లు అదే. కళ్ల మీదికి దించుకున్న టోపీలా గడ్డికప్పు, తెల్లటి లావు గోడలు, తలుపు పక్కన గులాబీ తీగ. లోపల మనిషి నిలబడేంత పెద్ద పొయ్యి, దాని పక్కనే గోడలో పాతకాలం రొట్టెల పొయ్యి. ధర 3,85,000 పౌండ్లు. మా ఆయన లెక్కలు వేస్తుంటే నేను అప్పటికే తులసి కుండీ ఏ కిటికీలో పెట్టాలో ఆలోచిస్తున్నాను. తప్పంతా నాదే అని కాదు గానీ, సగం నాదే.

మొదటిసారి చూడ్డానికి వెళ్లింది మార్చిలో. వణికించే చలి, అయినా ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గోడలకు కొత్త రంగు వాసన, దాని మీద లావెండర్ కొవ్వొత్తుల వాసన. "గాలి బాగా ఆడుతుందండీ ఇక్కడ" అన్నాడు ఏజెంటు కుర్రాడు. ఇరవై నిమిషాల్లో పంపేశాడు, బయట ఇంకో జంట ఎదురుచూస్తోంది. రెండోసారి వెళ్లినప్పుడు మా చిన్నాడు దాగుడుమూతలు ఆడుతూ మెట్ల కింద అలమర తలుపు తీశాడు. అందులో తేమ పీల్చే మిషన్ ఒకటి గుర్రుమంటూ తిరుగుతోంది. దాని బకెట్టు సగానికి పైగా నీళ్లు. ఏజెంటు నవ్వేసి, పాత ఇళ్లన్నాక ఇవి మామూలే, ఇదంతా ఇంటి క్యారెక్టర్ అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. వంగిన దూలం క్యారెక్టర్, ఏటవాలు నేల క్యారెక్టర్, గోడకు చెమ్మ కూడా క్యారెక్టరే. మేమూ తలూపి, ఏప్రిల్‌లో ఆఫర్ పెట్టాం. ఒప్పుకున్నారు.

మేలో నాన్న వచ్చారు. మాది పల్నాడు, తాతయ్య కట్టిన మట్టిగోడల ఇంట్లోనే నాన్న పుట్టి పెరిగారు. కర్టెన్లకు కొలతలు తీసుకోవాలన్న వంకతో ఆయన్ని కూడా తీసుకెళ్లాం. ఆయన పొయ్యి చూడలేదు, గులాబీలు చూడలేదు. తిన్నగా ఇంటి పడమటి పక్కకు వెళ్లి, గోడను వేలి కణుపులతో తట్టుకుంటూ నడిచారు. టక్ టక్ మని వస్తున్న చప్పుడు మూల దగ్గర డొల్లగా మారింది. అక్కడ వెంట్రుకంత బీట ఉంది, దాని మీద కూడా రంగు వేసేశారు. గోరుతో గీకితే బూడిదరంగు పెచ్చు ఊడింది. దాని వెనక ఎర్రమట్టి, మట్టిలో గడ్డిపోచలు. రెండు వేళ్ల మధ్య నలిపి చూపించారు, తడి ముద్ద. "అమ్మడూ, ఇది మన మట్టిగోడే కదమ్మా. దీనికి సిమెంటు ఎవరు పూశారు? గోడకు ఊపిరాడొద్దూ?" అన్నారు.

నాలుగు వారాల తరవాత సర్వేయరు 60 పేజీల్లో రాసింది సరిగ్గా ఇదే.

డెవన్‌లో ఇలాంటి గోడను కాబ్ అంటారు. బంకమట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి తొక్కి, వరుస మీద వరుస పేర్చి ఆరబెడతారు. అడుగున రాతి పునాది, పైన చూరు బయటికి సాగిన గడ్డికప్పు. కాబ్ గోడకు మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని అక్కడి పాతవాళ్ల మాట. వాన పడితే కాస్త తడుస్తుంది, ఎండ రాగానే ఆరిపోతుంది. ఆ ఆరడానికి వీలుగానే వెనకటివాళ్లు సున్నం పూసేవారు. దాని మీద సిమెంటు పూస్తే మొదట్లో గట్టిగా, నున్నగా కనిపిస్తుంది. తరవాత సిమెంటుకు సన్న బీటలు పడతాయి, వాటిలోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి మాత్రం రాలేవు. తడంతా గోడ అడుక్కి దిగి మట్టి మెత్తబడుతుంది. బాగా ముదిరితే గోడ ఉన్నచోటే కుంగి కూలుతుంది. ఈ ఇంటి పడమటి గోడ అప్పటికే అడుగున ఉబ్బింది. లోపలి వైపు జిప్సం ప్లాస్టరు, దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు. అంటే రెండు వైపులా మూత బిగించేశారన్నమాట.

ఇక్కడే మేం చేయబోయిన పెద్ద పొరపాటు చెప్పాలి. బ్యాంకు వాల్యుయేషన్ అయిపోయింది కదా, మళ్లీ సర్వే ఎందుకు దండగ అని మా ఆయన అన్నారు, నేనూ సరే అన్నాను. బ్యాంకు వాల్యుయేషన్ బ్యాంకు కోసం. అప్పుకు ఆ ఇల్లు సరిపోతుందా లేదా అన్నంతవరకే వాళ్లు చూస్తారు, ఒక్కోసారి ఇంట్లో అడుగు కూడా పెట్టరు. రిక్స్ అంటే ఇక్కడి సర్వేయర్ల వృత్తి సంఘం. వాళ్ల హోమ్ సర్వేల్లో మూడు లెవెల్స్ ఉంటాయి. పాత ఇంటికి అన్నిటికన్నా వివరంగా చూసే లెవెల్ 3 తప్ప వేరేది చేయించకండి. అది కూడా కాబ్, గడ్డికప్పు ఇళ్లు చూసిన అనుభవం ఉన్న మనిషితోనే. ఏజెంటు మాకు తన తరఫున ఒక సర్వేయరు పేరు చెప్పాడు. వద్దని మేమే వెతుక్కున్నాం, 1,250 పౌండ్లు తీసుకున్నాడు. ఏడు నెలల్లో మేం పెట్టిన ఖర్చులో ఏడుపు రానిది అదొక్కటే.

ఇక కిటికీల కథ. ఇల్లు గ్రేడ్ 2 లిస్టెడ్. అంటే చారిత్రక కట్టడంగా చట్టప్రకారం రక్షణ ఉన్నది. ఇంగ్లండ్‌లో లిస్టెడ్ కట్టడాల్లో నూటికి తొంభైకి పైగా ఈ గ్రేడువే. బయట మాత్రమే కాదు, లోపల కూడా ఇంటి రూపు మార్చే పని ఏది చేయాలన్నా స్థానిక కౌన్సిల్ నుంచి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్, అంటే అనుమతి, తీసుకోవాలి. లేకుండా చేస్తే అది క్రిమినల్ నేరం. మామూలు ఇళ్లకైతే కొన్నేళ్లు గడిచాక కౌన్సిల్ చర్య తీసుకోలేదు. లిస్టెడ్ ఇంటికి ఆ గడువే లేదు. ఎప్పుడో ఎవరో చేసిన పనికి ఇవాళ్టి ఓనరుకు నోటీసు రావచ్చు, వస్తే సొంత ఖర్చుతో సరిచేయించుకోవాలి. ఈ ఇంటి వెనక వైపు నాలుగు కిటికీలు తెల్లటి ప్లాస్టిక్ డబుల్ గ్లేజింగ్. ఫొటోల్లో ఒక్కటీ కనబడకుండా ముందు వైపు మాత్రమే తీశారు. మా సొలిసిటర్, అంటే కొనుగోలు వ్యవహారం చూసే లాయరు, కాగితాలు అడిగితే కన్సెంట్ లేదని తేలింది.

అప్పుడు అమ్మేవాళ్లు ఇండెమ్నిటీ పాలసీ తీసిస్తామన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. రేపు కౌన్సిల్ చర్య తీసుకుంటే ఆ ఖర్చు బీమా కంపెనీ భరిస్తుందన్నమాట. మరి కిటికీ మారదుగా, తప్పు తప్పుగానే ఉంటుంది. పైగా దాంట్లో ఒక మెలిక ఉంది. ఈ విషయం మనమే కౌన్సిల్‌కు చెబితే పాలసీ చెల్లదు. నాకు ఆ సంగతి తెలియక, కౌన్సిల్ వాళ్లనే అడిగేద్దామని ఫోన్ తీశాను కూడా. ఆ పూటే సొలిసిటర్ మెయిల్ చూడబట్టి సరిపోయింది.

సెప్టిక్ ట్యాంక్ దగ్గరికి వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊరి చివర ఇళ్లకు చాలాచోట్ల ఊరి ఉమ్మడి మురుగు లైను ఉండదు, గ్యాస్ లైనూ ఉండదు. హీటింగ్‌కు ఆయిల్ ట్యాంకు, మురుగుకు సెప్టిక్ ట్యాంకు. అమ్మేవాళ్లు నింపే ప్రాపర్టీ ఇన్ఫర్మేషన్ ఫారంలో "ట్యాంకు ఉంది, క్రమం తప్పకుండా ఖాళీ చేయిస్తాం" అని రాశారు. అబద్ధం కాదు, అక్షరాలా నిజం. కానీ అక్కణ్నుంచి నీళ్లు ఎటు పోతున్నాయో రాయలేదు. 350 పౌండ్లు పెట్టి డ్రైనేజీ మనిషిని పిలిపించాం. అతను రంగునీళ్లు పోసి మమ్మల్ని కంచె అవతలికి తీసుకెళ్లాడు. పది నిమిషాలకు అక్కడ వాగులోకి ఆకుపచ్చ నీళ్లు దిగుతున్నాయి. పిల్లలు ఆడుకోవచ్చని మేం మురిసిపోయిన వాగు అదే.

ఇంగ్లండ్‌లో 2020 జనవరి 1 నుంచి సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకో కాలవలోకో వదలకూడదు. మురుగును శుద్ధి చేసే చిన్న ప్లాంటు పెట్టుకోవాలి, లేదా నేలలోకి ఇంకేలా డ్రైనేజ్ ఫీల్డ్ వేసుకోవాలి. మాకు వచ్చిన కొటేషన్ 14,000 పౌండ్లు. అది చాలదన్నట్టు ట్యాంకులో సగం పక్క రైతు పొలంలో ఉంది. తవ్వాలంటే ఆయన సంతకం కావాలి. ఆయనకూ అమ్మేవాళ్లకూ పదేళ్లుగా మాటల్లేవని ఊళ్లో పబ్బులో ఒక పెద్దాయన చెప్పాడు.

గడ్డికప్పు గురించి రెండు మాటలే. "ఈమధ్యే కప్పించారు" అని ప్రకటనలో ఉంది. కప్పించింది కొప్పు, అంటే కప్పు పైఅంచు, ఒక్కటే. కొప్పు ఎలాగూ పదీ పదిహేనేళ్లకోసారి మార్చాల్సిందే. కింద అసలు కప్పు పలచబడి, కట్లు బయటపడి ఉన్నాయి. ఇంటి బీమా కొటేషన్లు కూడా ఆఫర్ పెట్టకముందే తెచ్చుకోండి, పొయ్యి ఉన్న గడ్డి ఇంటికి బీమా అంటే వాళ్లు వంద ప్రశ్నలు అడుగుతారు.

ఇవన్నీ కలిపి 40,000 పౌండ్లు తగ్గించమన్నాం. 5,000 తగ్గిస్తామన్నారు. ఆ వారం నుంచి ఏజెంటు ఫోన్లు మొదలయ్యాయి. క్యాష్ ఇచ్చే పార్టీ వచ్చింది, శుక్రవారంలోగా ఎక్స్‌ఛేంజ్ చేయకపోతే ఇల్లు పోతుంది అని రోజుకు రెండుసార్లు. ఎక్స్‌ఛేంజ్ అంటే కాంట్రాక్టులు మార్చుకోవడం. ఇంగ్లండ్‌లో అప్పటిదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. ఆ తరవాత తప్పుకుంటే కట్టిన డిపాజిట్, సాధారణంగా ధరలో పదోవంతు, పోయినట్టే. మా లెక్కన 38,500 పౌండ్లు. గురువారం రాత్రి ఒంటిగంట దాకా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. నాన్నకు ఫోన్ చేస్తే అక్కడ తెల్లారుతోంది. "ఊబిలో కాలు పెట్టి బయటికి తీయడం నీ వల్ల కాదమ్మడూ" అన్నారు. పొద్దున్నే వద్దని మెయిల్ పెట్టేశాం. సర్వే, డ్రైనేజీ పోను సొలిసిటరుకు, సెర్చ్‌లకు (ఇంటి గురించి కౌన్సిల్ వగైరా రికార్డులు వెతికించడానికి) 1,500, బ్రోకరుకూ బ్యాంకుకూ కలిపి 700. ఒక్క పౌండు వెనక్కి రాలేదు.

ఏజెంటు మన మనిషి కాదు, అతనికి జీతం వచ్చేది అమ్మేవాళ్ల సొమ్ములోంచి. ఈ ముక్క తెలిసి కూడా అతని నవ్వుకు మేం పడిపోయాం. ఇప్పుడైతే ఏ పాత ఇల్లు చూసినా ముందు చారిత్రక కట్టడాల బాగోగులు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ జాబితాలో ఉచితంగా వెతుకుతాను, లిస్టెడ్ అవునా కాదా, వివరణలో ఏం రాశారో చదువుతాను. కౌన్సిల్ ప్లానింగ్ పోర్టల్‌లో ఆ ఇంటి చిరునామాతోపాటు వెనకున్న పొలం మీద కూడా అప్లికేషన్లు ఉన్నాయేమో చూస్తాను, ఊరి అంచు పొలమంటే రేపటి ఇళ్ల వెంచరు కావచ్చు. వాన పడుతున్న రోజే ఇల్లు చూడ్డానికి వెళ్తాను. అలమరలన్నీ తీస్తాను, మొహమాటం లేకుండా. ఇంతకుముందు ఎవరైనా ఆఫర్ పెట్టి వెనక్కి పోయారా, ఎందుకు పోయారు అని ఏజెంటును మెయిల్‌లో అడుగుతాను, ఫోన్‌లో కాదు. మేం అలా అడగలేదు. మాకంటే ముందు ఒక కుటుంబం సర్వే చేయించి తప్పుకుందని ఆ పబ్బు పెద్దాయనే తరవాత చెప్పాడు. ఏజెంటుకు అది తెలిసి దాచాడని మా అనుమానం. వాళ్ల ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. జవాబు తేలకపోతే ఏజెంట్ల మీద ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాం, ఇక్కడ ప్రతి ఎస్టేట్ ఏజెంటూ అలా ఫిర్యాదులు తీర్చే ఒక స్కీములో చేరి తీరాలి.

నిన్న ఆ ఇల్లు మళ్లీ అమ్మకానికి వచ్చింది. ధర 3,70,000. అవే ఫొటోలు, ముందు వైపువే, అదే గులాబీ తీగ. పడమటి గోడకు మాత్రం ఇంకో పూత తెల్లరంగు వేశారు. సెప్టిక్ ట్యాంకు గురించి ఒక్క ముక్క లేదు. వాగు గురించి మాత్రం కొత్తగా ఒక వాక్యం చేర్చారు: "తోట చివర గలగల పారే సెలయేరు."